ఒక్కరోజు లక్సర్ టూర్: ఏది గుడి, ఏది సమాధి, ఏది రెండూ కానిది?

2025 ఫిబ్రవరిలో ఈజిప్టు ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. లక్సర్ పడమటి కొండల్లో ఫారో (ప్రాచీన ఈజిప్టు రాజు) రెండో థుట్మోస్ సమాధి బయటపడిందని దాని సారాంశం. 1922లో టుటన్‌ఖామన్ సమాధి దొరికాక మళ్లీ ఇన్నాళ్లకు ఒక ఫారో సమాధి దొరికిందంటూ ప్రపంచమంతా రాశారు. కైరోలో మమ్మీలను చూసొచ్చినవాళ్లకు మాత్రం వెంటనే ఒక అనుమానం వచ్చి ఉంటుంది. రెండో థుట్మోస్‌దని చెప్పే మమ్మీ 1881లోనే దొరికింది కదా! మనిషి దొరికిన దాదాపు 140 ఏళ్లకు ఆయన్ని పెట్టిన చోటు దొరకడమేమిటి?

లక్సర్ డే టూర్‌కు వెళ్లొచ్చినవాళ్లను కదిపినా ఇలాంటి ప్రశ్నలే వస్తాయి. ఫారోగా ఏలిన రాణి హత్షెప్సుత్ గుడి చూశాం, మరి ఆమె సమాధి అక్కడ లేదేం? అంత పేరున్న టుటన్‌ఖామన్‌కు అంత ఇరుకు గదులేంటి? మెమ్నాన్ విగ్రహాల దగ్గర బస్సు ఆపి పది నిమిషాలిచ్చారు, వాటి వెనక ఏమీ లేదేం?

గైడ్లు చెప్పరని కాదు. అసలు చిక్కు టూర్ వరసలో ఉంది. ఎండ ముదరకముందే పడమటి ఒడ్డు ముగించాలి కాబట్టి పొద్దున్నే రాజుల లోయ, ఆ తర్వాత హత్షెప్సుత్ గుడి, దారిలో మెమ్నాన్ విగ్రహాలు. భోజనాలయ్యాక నదికి తూర్పున కర్నాక్ గుడి, చివరికి దీపాలు వెలిగే వేళకు లక్సర్ గుడి. ఈ వరస ఎండను చూసి పెట్టుకున్నది, చరిత్రను చూసి కాదు. దాంతో ఐదు చోట్లూ ఐదు విడివిడి వింతల్లా కనిపిస్తాయి. నిజానికి అవన్నీ ఒకే ఏర్పాటులోని భాగాలు. ఆ ఏర్పాటు ఎలా నడిచేదో తెలిస్తే పై ప్రశ్నల్లో చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

## తూర్పున బతుకు, పడమట చావు: ఈ సూత్రం ఎంతవరకు నిజం?

లక్సర్ కైరోకు దక్షిణంగా దాదాపు 650 కిలోమీటర్ల దూరంలో, నైలు నది ఒడ్డున ఉంది. ప్రాచీన ఈజిప్షియన్లకు ఇది వాసెత్, గ్రీకులకు థీబ్స్. క్రీ.పూ. సుమారు 1550 నుంచి 1070 వరకు సాగిన ‘కొత్త రాజ్యం’ కాలంలో ఇక్కడి దేవుడు అమున్ దేశం మొత్తానికి పెద్ద దేవుడయ్యాడు. రాజులు గెలిచిన యుద్ధాల సొత్తులో పెద్ద వాటా ఆయన గుడికే చేరింది.

ఏ గైడ్ అయినా ముందుగా చెప్పే మాట ఒకటుంది. సూర్యుడు ఉదయించే తూర్పు ఒడ్డు బతికున్నవాళ్లది, అస్తమించే పడమటి ఒడ్డు చనిపోయినవాళ్లది అని. మొదటి అడుగుకి ఇది పనికొచ్చే సూత్రమే. కర్నాక్, లక్సర్ గుళ్లు తూర్పున ఉన్నాయి, సమాధులన్నీ పడమట ఉన్నాయి. కానీ దీన్ని మరీ గట్టిగా పట్టుకుంటే దెబ్బతింటాం. మూడో అమెన్‌హోటెప్ తన పెద్ద రాజభవనాన్ని పడమటి ఒడ్డునే, మల్కతా అనే చోట కట్టుకున్నాడు. రాజసమాధులు తవ్విన పనివాళ్లు పెళ్లాం పిల్లలతో తరతరాలుగా కాపురమున్న దేర్ ఎల్-మదీనా ఊరు కూడా పడమటి ఒడ్డుదే. కాబట్టి పడమర అంటే శ్మశానం అనుకోకుండా, చనిపోయిన రాజుల పనులు చూసుకునే ఒడ్డు అనుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. ఆ పనులు చేసేది మరి బతికున్నవాళ్లే.

## మూడు రకాల కట్టడాలు

టూర్‌లో చూపించేవాటిని మూడు రకాలుగా విడదీయొచ్చు.

ఒకటి, దేవుడి ఇల్లు. కర్నాక్ అలాంటిది. లోపల గర్భగుడిలో దేవుడి విగ్రహం, దానికి రోజూ స్నానం, వస్త్రం, నైవేద్యం. ఇక్కడ ఎవరినీ సమాధి చేయలేదు.

రెండోది, సమాధి. రాజు శరీరాన్ని, ఆయన సామాన్లను దాచిన చోటు. అంత్యక్రియలు కాగానే దీని తలుపు మూసి ముద్ర వేస్తారు. ఆ తర్వాత ఎవరూ లోపలికి రాకూడదు. మనం టికెట్ కొని చూసే గోడబొమ్మలు మనుషులు చూడటానికి గీసినవి కావు.

మూడోది గందరగోళమంతా తెచ్చిపెట్టేది. చనిపోయిన రాజుకు నైవేద్యాలు సాగడానికి కట్టిన గుడి. ఈజిప్షియన్లు దీన్ని ‘లక్షల ఏళ్ల మందిరం’ అనేవాళ్లు. రాజు బతికుండగానే కట్టడం మొదలయ్యేది, పూజలూ అప్పుడే మొదలయ్యేవి. అమున్ దేవుడికీ, రాజుకూ కలిపి అక్కడ పూజ. హత్షెప్సుత్ గుడి, రెండో రామెసెస్ కట్టించిన రామెస్సియం, మూడో రామెసెస్ కట్టించిన మెదీనెత్ హబు ఈ రకానివి.

పిరమిడ్ల కాలంలో రెండో రకం, మూడో రకం పక్కపక్కనే ఉండేవి. పిరమిడ్ కింద శరీరం, దాని ముందు పూజకు గుడి. కొత్త రాజ్యపు రాజులు ఈ రెంటినీ విడగొట్టారు. గుడి అందరికీ కనిపించేలా పొలాల అంచున, సమాధి కొండ వెనక మారుమూల లోయలో. ఎందుకు? దొంగల భయం అనేది ఎప్పుడూ వినే జవాబు. మొదటి థుట్మోస్ దగ్గర నిర్మాణాలు చూసుకున్న ఇనేని అనే అధికారి, రాజు సమాధి తవ్వకాన్ని ఎవరి కంటా పడకుండా, ఎవరి చెవినా పడకుండా తానొక్కడే చూసుకున్నానని తన సమాధి గోడ మీద రాయించుకున్నాడు. అంత గుట్టుగా చేశానని గోడ మీద రాయించుకోవడం వేరే సంగతి! ఇంకో వాదన ప్రకారం దొంగల భయం ఒక్కటే కారణం కాదు. లోయ మీద అల్-ఖుర్న్ అనే శిఖరం సహజంగానే పిరమిడ్ ఆకారంలో ఉంది, రాజులకు అదే పిరమిడ్ అయిందని కొందరి అభిప్రాయం. రెండు కారణాలూ కలిసి పనిచేసి ఉండొచ్చు. పిరమిడ్లను దోచుకున్నారన్న సంగతి ఆ రాజులకు బాగా తెలుసు.

ఇప్పుడు ఒక ఉదాహరణ. మూడో అమెన్‌హోటెప్‌వి లక్సర్‌లో మూడు వేర్వేరు చోట్ల ఉన్నాయి. తూర్పున లక్సర్ గుడిలో పెద్ద భాగం ఆయన కట్టించిందే. అది దేవుడి కోసం. పడమటి ఒడ్డున పొలాల్లో ఆయన లక్షల ఏళ్ల మందిరం. దాని ముఖద్వారంలో కూర్చోబెట్టిన రెండు విగ్రహాలే మెమ్నాన్ విగ్రహాలు, ఒక్కోటి సుమారు 18 మీటర్ల ఎత్తు. భూకంపాలకు, నైలు వరదలకు గుడి కూలింది, మిగిలిన రాళ్లను తర్వాతి రాజులు ఎత్తుకుపోయారు, ద్వారపాలకుల్లా ఆ రెండే నిలిచాయి. వెనక ఏమీ లేదేం అన్న ప్రశ్నకు జవాబు ఇదే. తవ్వకాలు జరిపేవాళ్లు అక్కడి నుంచి ఇప్పటికీ విగ్రహాల ముక్కలు తీసి నిలబెడుతున్నారు. ఇక ఆయన సమాధి కొండ వెనక, రాజుల లోయకు పడమటి పాయలో ఉంది. ఏళ్ల తరబడి మరమ్మతులు జరిగాక 2025 అక్టోబరులో దాన్ని సందర్శకులకు తెరిచారు. ఒకే రాజు, మూడు కట్టడాలు, మూడు పనులు.

## కర్నాక్: లోపలికి నడిస్తే కాలం వెనక్కి

కర్నాక్‌ను ఒక్క రాజు కట్టలేదు. క్రీ.పూ. 20వ శతాబ్దం నాటి మొదటి సెనుస్రెత్ నుంచి గ్రీకు మూలాలున్న టాలమీల దాకా, దాదాపు రెండు వేల ఏళ్లు కడుతూనే ఉన్నారు. అసలు గుడి లోపల ఉంది, ప్రతి రాజూ దానికి ముందువైపున ఏదో ఒకటి చేర్చుకుంటూ వచ్చాడు. అందువల్ల ప్రధాన ద్వారం నుంచి లోపలికి వెళ్లేకొద్దీ మొత్తంమీద పాత కాలంలోకి వెళ్తున్నట్టు లెక్క. మధ్యలో కూల్చివేతలు, మార్పులు బోలెడు ఉన్నాయి గానీ దారి గుర్తుపట్టడానికి ఈ లెక్క చాలు.

టికెట్ చూపించి దాటే మొదటి ద్వారపు జంట బురుజులు అన్నిటికంటే కొత్తవి. క్రీ.పూ. 4వ శతాబ్దంలో మొదటి నెక్టనెబో కట్టించినవని భావిస్తారు. వీటి పని పూర్తి కాలేదు. ద్వారం దాటగానే వెనక్కి తిరిగి కుడి, ఎడమల గోడల మొదట్లో చూస్తే ఒకచోట పచ్చి ఇటుకల దిబ్బ కనిపిస్తుంది. అది శిథిలం కాదు. రాళ్లను పైకి లాగడానికి వేసిన ర్యాంపు. పని ఆగిపోయింది, ర్యాంపు తీసేవాళ్లు లేకపోయారు. ఈజిప్షియన్లు ఇంత బరువులు ఎలా ఎత్తారు, గ్రహాంతరవాసులు సాయం చేశారా అని అడిగేవాళ్లను నేరుగా ఈ దిబ్బ దగ్గరికి తీసుకెళ్లాలి. చాలా గ్రూపులు దాని పక్క నుంచే చూడకుండా వెళ్లిపోతాయి.

తర్వాత 134 స్తంభాల మహామండపం. ఇది క్రీ.పూ. 13వ శతాబ్దంలో మొదటి సెతి, ఆయన కొడుకు రెండో రామెసెస్‌ల కాలానిది. మధ్య వరసల్లోని 12 స్తంభాలు దాదాపు 21 మీటర్ల ఎత్తు, మిగతా 122 వాటికంటే పొట్టివి. ఆ ఎత్తు తేడాలో రాతి జాలీ కిటికీలు పెట్టారు, లోపలికి వెలుగు అక్కడి నుంచే వచ్చేది. ఇక్కడ తండ్రీకొడుకుల పనిని చేత్తో తడమకుండానే తేడా పట్టొచ్చు. ఉత్తరం సగంలో సెతి చెక్కించిన బొమ్మలు రాతి మీద ఉబ్బెత్తుగా ఉంటాయి, చుట్టూ రాయి చెక్కేసి బొమ్మను పైకి తేల్చారు. దక్షిణం వైపు రామెసెస్ బొమ్మలు ఎక్కువగా రాతిలోకి లోతుగా కోసినవి. ఇది త్వరగా అయ్యే పని. పైగా అంత లోతుగా కోస్తే తర్వాతి రాజు దాన్ని చెరిపి తన పేరు పెట్టుకోవడం కష్టం. వేరేవాళ్ల కట్టడాల మీద తన పేరు చెక్కించడంలో ఆరితేరిన రామెసెస్‌కు ఆ ప్రమాదం తెలియకుండా ఉంటుందా?

ఇంకా లోపలికి వెళ్తే హత్షెప్సుత్ ఒబెలిస్క్, దాదాపు 30 మీటర్ల ఏకశిల. దాన్ని ఆస్వాన్ గనుల్లో ఏడు నెలల్లో తొలిపించానని ఆమె శాసనం చెబుతుంది. దాని జంట విరిగి పడింది, కొన ముక్క కోనేటి పక్కన ఉంది. నిలిచి ఉన్నదాని చుట్టూ తర్వాత మూడో థుట్మోస్ గోడ కట్టించాడు. ఆమె పేరు కనబడకుండా చెయ్యడానికే అని ఒక మాట, ఆ హాలును మార్చి కట్టడంలో భాగమని ఇంకో మాట. ఇంకా వెనక, అన్నిటికంటే పాతదైన సెనుస్రెత్ గుడి చోట ఇప్పుడు దాదాపు ఖాళీ నేల ఉంది. గైడ్ అక్కడిదాకా తీసుకెళ్లకపోయినా తప్పు పట్టలేం.

## దేవుడు బయటికి వచ్చే రోజులు

ఇంత పెద్ద గుడిలోకి మామూలు జనానికి ప్రవేశం లేదు. లోపలి మండపాలు పూజారులవి, గర్భగుడి తలుపు తీసేది రాజు తరఫున పెద్ద పూజారి ఒక్కడే. జనానికి దేవుడి దర్శనం ఊరేగింపుల్లోనే. మన గుళ్లలో మూలవిరాట్టు కదలకుండా ఉంటే ఉత్సవమూర్తి వీధుల్లోకి వస్తాడు కదా, ఆ అలవాటున్న మనకు ఇది చప్పున అర్థమవుతుంది. తేడా ఏమిటంటే, కర్నాక్‌లో దేవుణ్ణి ఎక్కించింది రథం మీద కాదు, పూజారులు భుజాల మీద మోసే పడవ మీద. అందులోని చిన్న మందిరానికి తెర. జనం చూసింది పడవను, తెరనే.

ఆ ఊరేగింపుల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఓపెత్ పండుగ. అమున్ కర్నాక్ నుంచి లక్సర్ గుడికి వెళ్లేవాడు. మూడో థుట్మోస్ కాలంలో 11 రోజులున్న ఈ పండుగ మూడో రామెసెస్ కాలానికి 27 రోజులకు పెరిగింది. లక్సర్ గుడి ఎందుకుందో దీంతో తెలుస్తుంది. అది కర్నాక్‌కు పోటీ గుడి కాదు, అమున్ ఏటా వెళ్లి దిగే విడిది. రాజుకు దైవత్వం కొత్తగా అబ్బేది అక్కడే. రెండు గుళ్లనూ కలిపే 2.7 కిలోమీటర్ల సింహికల (స్ఫింక్స్ విగ్రహాల) దారిని తవ్వి 2021 నవంబరులో తెరిచారు. లక్సర్ గుడి శిథిలాల మీదే కట్టిన అబూ అల్-హగ్గాగ్ మసీదు ఇప్పటికీ నడుస్తోంది, ఆ సూఫీ గురువు ఉత్సవంలో నేటికీ పడవలను ఊరేగిస్తారు. ఇది ఓపెత్‌కు కొనసాగింపే అని కొందరంటారు. మధ్యలో వేల ఏళ్ల అంతరం ఉంది, ఆధారం లేకుండా అంత గట్టిగా చెప్పలేమని ఇంకొందరు.

రెండోది లోయ పండుగ. ఇదే ఈ చోట్లన్నిటినీ కలిపి కుట్టే దారం. అమున్ నది దాటి పడమటి ఒడ్డుకు వచ్చి, రాజుల లక్షల ఏళ్ల మందిరాల్లో మజిలీ చేసేవాడు. ఊళ్లోవాళ్లు తమ పెద్దల సమాధుల దగ్గరికి వెళ్లి అక్కడే విందు చేసుకునేవాళ్లు. హత్షెప్సుత్ తన గుడిని నది అవతల కర్నాక్‌కు ఎదురుగా, ఆ వరసలోనే కట్టించడానికి కారణం ఇదే. ఆ గుడి వెనక నిలువుగా లేచిన కొండ ఉంది కదా, దాని అవతలి పక్కే రాజుల లోయ. బస్సులో చుట్టూ తిరిగి వెళ్తాం కాబట్టి రెండూ దూరమనిపిస్తాయి. ఆమె సమాధి ఆ కొండ అవతల, లోయలో 20వ నంబరుది.

## హత్షెప్సుత్ పేరు ఎవరు చెరిపారు, ఎందుకు?

ఆ గుడి గోడల మీద కొన్ని చోట్ల ఆమె బొమ్మ ఉండాల్సిన మేర రాయి ఉలిదెబ్బలతో గరుకుగా ఉంటుంది. అంచుల్లో మనిషి ఆకారం మాత్రం మిగిలి ఉంటుంది. చాలా టూర్లలో దీని కథ ఇలా వినిపిస్తుంది: మొగుడు రెండో థుట్మోస్ చనిపోయాక సవతి కొడుకు మూడో థుట్మోస్ పసివాడు కావడంతో ఆమె సింహాసనం లాక్కుంది, వాడు పెద్దవాడై పగ తీర్చుకున్నాడు.

ఈ కథలో ఒక పెద్ద చిక్కుంది. హత్షెప్సుత్ చనిపోయింది క్రీ.పూ. సుమారు 1458లో. చెరపడం మొదలైంది మూడో థుట్మోస్ పాలన చివరి రోజుల్లో, ఆమె పోయిన ఇరవై ఏళ్లకు అటూ ఇటూగా. పగతో రగిలిపోయేవాడు ఇరవై ఏళ్లు ఆగుతాడా? అందుకే చాలామంది పరిశోధకులు వారసత్వం వైపు చూస్తారు. తన కొడుకు రెండో అమెన్‌హోటెప్‌కు గద్దె దారి సాఫీగా ఉండాలని, ఆడది రాజుగా ఏలిన ఆనవాయితీ మిగలకూడదని ఆ పని చేశాడన్నది వాళ్ల వాదన. 2025లో టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకుడు జున్ యీ వాంగ్ ఇంకో కోణం చూపించాడు. గుడి దగ్గర గుంటల్లో దొరికిన ఆమె విగ్రహాల్లో చాలావాటిని మెడ, నడుము, మోకాళ్ల దగ్గర విరిచారు. ముఖాలు పాడుచేయలేదు. మిగతా రాజుల విగ్రహాలనూ శక్తి తీసేయడానికి ఇలాగే విరిచేవాళ్లు, కాబట్టి విగ్రహాల విరుపును మొత్తంగా పగ లెక్కలో వేయకూడదంటాడు. గోడల మీద పేరు చెరపడం మాత్రం వేరు, అది ఆమెకే జరిగిందని ఆయనా ఒప్పుకుంటాడు. గోడలను, విగ్రహాలను విడివిడిగా చూడాలన్న ఈ మాట నాకు సబబుగా తోస్తుంది.

## రాజుల లోయ: మూడు సమాధుల టికెట్‌తో ఏం చూడొచ్చు?

లోయలో అరవైకి పైగా సమాధులు, గుంటలు ఉన్నాయి. కొన్నే తెరిచి ఉంచుతారు, అవీ మారుతుంటాయి. మామూలు టికెట్‌తో వాటిలో మూడు చూడొచ్చు. టుటన్‌ఖామన్, మొదటి సెతి లాంటి కొన్నిటికి వేరే టికెట్. సమాధుల లోపల గైడ్లు వివరించకూడదు, లోపల రద్దీ పెరుగుతుందని. కాబట్టి గైడ్ బయట బోర్డు దగ్గర నిలబడి చెప్పేది చెప్పి పంపిస్తాడు, లోపల మీరూ, బొమ్మలూ.

నంబర్ల గురించి ఒక్క మాట. ఇవి కాలం వరస కాదు. 1827లో జాన్ గార్డ్‌నర్ విల్కిన్సన్ అనే ఇంగ్లిష్ పండితుడు అప్పటికి తెరిచి ఉన్న 21 సమాధులకు దారి వెంబడి నంబర్లు వేశాడు. ఆ తర్వాతివి దొరికిన వరసలో. 2వ నంబరు నాలుగో రామెసెస్‌ది, 34వ నంబరు మూడో థుట్మోస్‌ది. కానీ 34 రెంటిలో పాతది, దాదాపు 275 ఏళ్లు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే సమాధి కట్టడం ఎలా మారిందో తెలుస్తుంది. మూడో థుట్మోస్ సమాధికి కొండ చీలికలోకి ఇనుప మెట్లెక్కి, మళ్లీ లోపలికి నిటారుగా దిగాలి. మధ్యలో లోతైన గుంట, ఆ తర్వాత దారి మలుపు తిరుగుతుంది. చివరి గది కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, రాజు పేరు రాసే చట్రం ఆకారం అది. గోడల మీద పుల్లల్లాంటి సన్నని మనుషుల బొమ్మలు, పాపిరస్ చుట్టను విప్పి గోడకు అతికించినట్టు. అది అమ్‌దువాత్ గ్రంథం: సూర్యుడు రాత్రి పన్నెండు గంటలు పాతాళంలో చేసే ప్రయాణం, మళ్లీ తెల్లారి పుట్టడం. రాజూ ఆ పడవలోనే ప్రయాణిస్తాడు. నాలుగో రామెసెస్ కాలానికి మలుపులు, నిటారు మెట్లు పోయాయి. విశాలమైన దారి నేరుగా శవపేటిక దాకా వెళ్తుంది. అప్పటికి ద్వారాలు దాచడం మీద ధ్యాస తగ్గి, కాపలా మీద భరోసా పెరిగింది.

తవ్వేటప్పుడు పొరపాట్లూ జరిగేవి. మూడో రామెసెస్ సమాధిలో నేరుగా వెళ్తున్న దారి ఒకచోట పక్కకు జరిగి మళ్లీ ముందుకు సాగుతుంది. తవ్వుతున్నవాళ్లు పక్కనున్న పాత సమాధిలోకి కన్నం పెట్టేశారు! పక్కకు తప్పుకుని పని కానిచ్చారు. లోపలికి వెళ్తే ఆ చోటు వెతకండి, ఇట్టే దొరుకుతుంది.

## పనివాళ్లు, దొంగలు, పూజారులు: మమ్మీలు ఎలా చెల్లాచెదురయ్యాయి?

సమాధులు తవ్వినవాళ్లు బానిసలు కారు. దేర్ ఎల్-మదీనాలో ప్రభుత్వ జీతగాళ్లు, జీతం ధాన్యంలో. మూడో రామెసెస్ 29వ పాలనా సంవత్సరంలో ధాన్యం రావడం ఆలస్యమైతే పని ఆపేసి, రాజుల మందిరాల వెనక వెళ్లి కూర్చున్నారు. చరిత్రలో రాతపూర్వకంగా మిగిలిన మొదటి సమ్మెగా దీన్ని చెబుతారు. లెక్క రాసుకున్న పాపిరస్ ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉంది.

రాజ్యం బలహీనపడేకొద్దీ దోపిడీలు పెరిగాయి. తొమ్మిదో రామెసెస్ కాలంలో జరిగిన విచారణ పత్రాలు మిగిలాయి. అమెన్‌పనుఫెర్ అనే రాతిపనివాడి వాంగ్మూలం చూడండి. ఒక పాత రాజు సమాధిలోకి దూరి, రాజు రాణుల మీది బంగారం ఒలుచుకుని, పేటికలు తగలబెట్టారు. దొరికిన 160 దెబెన్ల బంగారాన్ని ఎనిమిదిమంది పంచుకున్నారు. దెబెన్ అంటే సుమారు 91 గ్రాములు, అంటే తలా 20 దెబెన్లు, దగ్గర దగ్గర 1.8 కిలోలు. ఇతను పట్టుబడ్డాడు. తన వాటా మొత్తం ఒక గుమస్తా చేతిలో పెట్టి బయటపడ్డాడు. తోటివాళ్లు మళ్లీ వాటా వేసి ఇచ్చారు. ఆ తర్వాత దోపిడీ ఆపలేదని అతనే చెప్పుకున్నాడు.

ఇక పూజారుల వంతు. కొత్త రాజ్యం ముగిశాక అమున్ పూజారులు రాజుల మమ్మీలను సమాధుల్లోంచి తీసి, కొత్త గుడ్డలు చుట్టి, పేర్లు రాసి, రహస్య స్థలాలకు మార్చారు. కాపాడటానికే మార్చారని ఒక వాదన. ఖజానా ఖాళీ అయిన రోజుల్లో సమాధుల బంగారం తీసుకుని, శరీరాలను మర్యాదగా ఒకచోట పెట్టారని ఇంకో వాదన. గుడ్డల మీది రాతలు మొదటి వాదనకు బలమైతే, ఆ మమ్మీల దగ్గర నగలు దాదాపు ఏమీ మిగలకపోవడం రెండోదానికి బలం. హత్షెప్సుత్ గుడి ఉన్న దేర్ ఎల్-బహరీ దగ్గరి అలాంటి దాపులో 1881లో యాభైకి పైగా శరీరాలు బయటపడ్డాయి. రెండో రామెసెస్, మొదటి సెతి అక్కడే దొరికారు. రెండో థుట్మోస్ కూడా. ఆయన సమాధి విడిగా, తర్వాత దొరకడంలో వింత లేదన్నమాట. 2022లో ద్వారం కనిపించిన ఆ సమాధి దాదాపు ఖాళీ. వరదనీరు చేరడంతో ఖననం జరిగిన కొద్దికాలానికే లోపలివన్నీ తీసేశారని తవ్వినవాళ్లు అంటున్నారు. రాజు పేరున్న అలబాస్టర్ జాడీ ముక్కలు, నీలం కప్పు మీద పసుపు నక్షత్రాలు మిగిలాయి. ‘టుటన్‌ఖామన్ తర్వాత మొదటిది’ అన్న మాటకూ ఒక సవరణ అవసరం. తానిస్‌లో 1939, 40ల్లో వేరే రాజవంశాల ఫారోల సమాధులు దొరికాయి. ఈ ఇద్దరూ పుట్టిన 18వ రాజవంశం వరకే ఆ మాట సరిపోతుంది.

ఈజిప్టు మమ్మీలు కైరోతో ఆగలేదు, 19వ శతాబ్దం నుంచి కొనుక్కుని తీసుకెళ్లినవాళ్ల వెంట దేశాలు దాటాయి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఒకటుంది. ఆరో నిజాం అల్లుడు కొని తెచ్చి ఏడో నిజాంకు ఇస్తే 1930లో మ్యూజియానికి చేరిందని చెబుతారు.

## టుటన్‌ఖామన్: ఏది ఎక్కడుంది, లోపలికి వెళ్లడం ఎవరికి మంచిది?

ఈయన సమాధి మొత్తం దాదాపు 110 చదరపు మీటర్లు. బొమ్మలు వేసింది ఒక్క గదిలోనే. పంతొమ్మిదేళ్ల వయసులో హఠాత్తుగా చనిపోవడంతో ఇంకెవరికోసమో తొలిచినదాన్ని సర్ది వాడారని ఎక్కువమంది నమ్ముతారు. తర్వాతి కాలంలో పైన ఆరో రామెసెస్ సమాధి తవ్వినవాళ్ల గుడిసెలు లేచి, ద్వారం కనబడకుండా పోయింది. ఈ సమాధిని కనిపెట్టిన హోవర్డ్ కార్టర్‌కు 5,000కు పైగా వస్తువులు దొరకడానికి రాజు గొప్పతనం కంటే ద్వారం అలా కనబడకుండా పోవడమే ఎక్కువ కారణం. సెతి సమాధిలో 137 మీటర్ల పొడవునా ఎన్ని నింపి ఉంటారో!

ఇప్పుడు వస్తువులు, బంగారు ముఖకవచం గిజాలోని గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంలో ఉన్నాయి, 2025 నవంబరు 1న అది లాంఛనంగా తెరుచుకుంది. 2021లో మిగతా రాజులు, రాణుల మమ్మీల్లో ఇరవై రెండు ఊరేగింపుగా కైరోలోని ఫుస్తాత్ మ్యూజియానికి మారాయి. టుటన్‌ఖామన్ శరీరం మాత్రం లక్సర్‌లో తన సమాధిలోనే ఉంది. గోడల వెనక రహస్య గదులున్నాయని 2015లో బ్రిటిష్ పరిశోధకుడు నికొలస్ రీవ్స్ ప్రతిపాదించాడు. 2018లో ఇటలీ బృందం రాడార్‌తో చూసి అలాంటివి లేవని తేల్చింది.

ఇక చివరి వివాదం మన గురించే. లోపలికి వెళ్లే ప్రతి మనిషీ ఊపిరితో తేమను, కాళ్లతో దుమ్మును తీసుకెళ్తాడు. అమెరికాకు చెందిన గెట్టీ సంరక్షణ సంస్థ 2019 నాటికి ఈ సమాధిలో గోడల సంరక్షణ, గాలి వచ్చే ఏర్పాటు పూర్తిచేసింది. 2014లోనే లోయకు వెళ్లే దారిలో, కార్టర్ ఇంటి పక్కన, గోడల మీది మచ్చలతో సహా అచ్చుగుద్దినట్టు ఒక నకలు సమాధిని తెరిచారు. అందరూ నకలునే చూస్తే అసలుది ఎక్కువ కాలం బతుకుతుందని సంరక్షకులు అంటారు. అసలుది మూసేస్తే లక్సర్ జనం పొట్ట మీద కొట్టినట్టేనని, అంత దూరం వచ్చినవాడు నకలు చూడడానికి రాడని టూర్లు నడిపేవాళ్లు అంటారు. టికెట్ డబ్బుల్లోంచే సంరక్షణా నడవాలి కాబట్టి ప్రభుత్వం ఏ వైపూ పూర్తిగా మొగ్గలేదు. అసలుదానికి విడి టికెట్ పెట్టి ఉంచింది, నకలునూ తెరిచే ఉంచింది.